రాతికేల రక్ష?

ప్రాచీనములగు కోటల ముంగిటను, ఆలయ ప్రాంగణములందును నీలిరంగు పలక యొకటి తరచుగ కనబడును. ఆ కట్టడము రక్షితమనియు, దానికి హాని చేయువారు శిక్షార్హులనియు దానిపై తెల్లని యక్షరములతో వ్రాసియుండును. విహారమునకు వచ్చిన బాలురు పెక్కుమంది దానిని చదువకయే లోనికి పరుగిడుదురు. ఒకరిద్దరు మేకుతో గోడపై తమ పేర్లు గీయుటయు కలదు. వందలయేండ్లు ఎండకును వానకును ఓర్చిన రాతికి మనుష్యుని రక్ష యెందులకని వారి తలంపు కాబోలు! అమరావతి కథ విన్నచో ఆ తలంపు నిలువదు.

కృష్ణాతీరమున అమరావతియందు శాతవాహనుల కాలమున గొప్ప బౌద్ధస్తూపము వర్ధిల్లెను. పాలరాతిని బోలిన సున్నపురాతి పలకలపై శిల్పులు బుద్ధుని జీవితగాథలను చెక్కిరి. కాలక్రమమున అది మట్టిదిబ్బయై ‘దీపాలదిన్నె’ యను పేర మిగిలెను. పదునెనిమిదవ శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచ్చట క్రొత్త పట్టణము కట్టించుచుండగా, ఇటుకలకును రాళ్ళకును ఆ దిబ్బను త్రవ్విరి. కొన్ని పలకలు మెట్లయ్యెను. కొన్ని సున్నమునకై కాల్పబడెను. 1797లో ఆ చోటును చూచిన కాలిన్ మెకంజీ, 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. తరువాత దొరకిన శిల్పములలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియమునకును, నూటికి పైగా లండనులోని బ్రిటిషు మ్యూజియమునకును చేరినవి. మెకంజీ వ్రాయించిన చిత్రములు కొన్నింటికి మూలమగు రాళ్ళు నేడు కానరావు. కాగితము మిగిలినది, రాయి పోయినది!

త్రవ్వినవారు దుష్టులు కారు. వారికి కావలసినది ఇంటికి రాయి. ఆ రాతి విలువ తెలిపి, వలదని వారించు చట్టము నాడు లేదు. అట్టి చట్టము 1904లో వచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1958లో పార్లమెంటు మరింత విపులమగు చట్టము చేసెను. ఆంధ్రప్రదేశమునకు 1960లో ప్రత్యేక చట్టమేర్పడెను. లేపాక్షి ఆలయము, గండికోట, చంద్రగిరి కోట, గుంటుపల్లి గుహలు మున్నగువానిని కేంద్ర పురావస్తుశాఖ కాపాడుచున్నది. మరికొన్నింటిని రాష్ట్రశాఖ కాపాడుచున్నది. 2010లో జరిగిన సవరణ ననుసరించి, కేంద్ర రక్షణలోని కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు.

రక్షణ యేమి చేయగలదో నాగార్జునకొండ తెలుపును. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అచ్చటి లోయలో నుండెను. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. పొలములకు నీరు కావలెను. కాని నీరు నిండినచో లోయ మునుగును. అందుచే 1954 మొదలు 1960 వరకు లోయను విస్తారముగ త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమగు కట్టడములను కొన్నింటిని కొండపైకిని, అనుపునకును తరలించి, మరల యథాక్రమమున కూర్చిరి. లోయ మునిగెను, కొండ ద్వీపమయ్యెను, చరిత్ర మాత్రము దక్కెను.

ఐనను ఏ పట్టికలోను చేరని రాళ్ళు పల్లెలలో ఇంకను ఎన్నియో కలవు. చెరువుగట్టున శాసనశిల యుండును. పొలిమేరలో వీరగల్లు ఒరిగియుండును. వానిముందు పలక లేదు, కావలివాడు లేడు. వానిపై బట్టలు ఉదుకకుండ, గునపము పడకుండ చూడవలసినవారు ఆ యూరివారే. ఆ యక్షరములు చదువనేర్చినవాడు ఊరిలో ఒక్కడున్నను ఆ రాతికి అదియే రక్ష.