గాజుపెంకుల డ్రమ్ము



ఈసారి పంట సంగతి కాదు. వరి, చెనిక్కాయ, మామిడి అని ఎప్పుడూ రాసేదే. ఏడాదిగా మా పశువుల కొట్టంలో ఒక డ్రమ్ము తిరుగుతా ఉంది. అందులో రాళ్లు, గాజుపెంకులు. రాత్రింబగళ్లు గరగరమని ఒకటే చప్పుడు. పక్క కయ్యల ఆయన వచ్చి "ఏమన్నా, రాళ్లు నానబోసి దోసెపిండి రుబ్బుతా ఉండావా?" అని ఎగతాళి కూడా చేసినాడు. ఆ డ్రమ్ముతో నేను పడిన తిప్పలు, చేసిన తప్పులు రాస్తా ఉన్నా. మీలో ఎవరైనా ఇట్లాంటిది ఇంట్లో పెట్టాలనుకుంటే ఒక నెల కరెంటన్నా మిగులుతుంది.

ఇది ఎందుకు మొదలైందో ముందు చెప్పాల. మాది చంద్రగిరి పక్క, కొండ కనబడే కయ్యలు. రెండు కయ్యలు రోడ్డు వారనే ఉన్నాయి. రాత్రిపూట ఎవరో బండి ఆపుకోని తాగుతారు, తాగిన సీసాను గెనిమ మీది రాయికేసి కొడతారు. ఊరికే పారేసి పోతే పాత సామాన్లవాడన్నా ఎత్తుకుపోతాడు. పగలగొడితేగానీ వాళ్లకు తృప్తి ఉండదేమో. రెండేళ్ల కిందట నాట్ల రోజు మా ఇంటామె కాల్లో ఒక పెంకు దిగింది. బురదలో కనబడదు కదా. ఆమెకు షుగరు. వేరేవాళ్లకైతే పది రోజుల్లో మానే గాయం నాలుగు నెలలు పట్టింది. ఒక వేలు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు. తీయలేదు, అదే పదివేలు. ఆ నాలుగు నెలలు వంట నేనే చేసినా. అది వేరే కథ.

అప్పట్నుంచి దుక్కి దున్నినప్పుడల్లా పెంకులు ఏరి యూరియా సంచిలో వేస్తా వచ్చినా. సంచి నిండింది. పాత సామాన్లవాడు పగిలిన గాజు నాకొద్దు పొమ్మన్నాడు. గుంత తీసి పూడిస్తే ఎప్పుడో ఒకరోజు నాగలికి తగిలి పైకొస్తుంది, ఇంకెవరి కాల్లోనో దిగుతుంది. ఏం చేయాలో తోచక సంచిని కొట్టం మూల పెట్టేసినా.

పోయిన ఎండాకాలం సెలవలకు మా మనవరాలు వచ్చి, సముద్రం ఒడ్డున దొరికే గాజుముక్కలు ఫోన్లో చూపించింది. అలలు, ఇసుక ఏళ్ల తరబడి ఒరిపిడి పెడితే అంచులన్నీ పోయి, పైన పంచదార అద్దినట్టు మసకగా అవుతాయంట. ఆ పనే ఇంట్లో చేసే మిషను ఉంది తాతా, టంబ్లర్ అంటారు అని చెప్పింది. మనకు టంబ్లర్ అంటే కాఫీ తాగేది. సరే, మిషను ధర చూసి ఫోను మూసేసినా గానీ, మూలనున్న సంచి మాత్రం మనసులో మెదలతానే ఉంది.

చూస్తే అందులో పెద్ద మర్మమేమీ లేదు. మూత గట్టిగా పడే డ్రమ్ములో రాళ్లు, నీళ్లు, సానపొడి వేసి రోజుల తరబడి మెల్లగా దొర్లించాల. బోరు వేసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ కేసింగు పైపు ముక్క ఉండింది, ఆరంగుళాల అడ్డం, ముప్పావు అడుగు పొడవు. ఒక పక్క మూత అతికించినా, ఇంకో పక్క రబ్బరు మూత పెట్టి క్లిప్పుతో బిగించినా. కింద బేరింగుల మీద రెండు ఇనుపకడ్డీలు, ఒక కడ్డీకి పాత కారు వైపరు మోటరు. దానికి 12 వోల్టుల పవర్ సప్లై. మోటరు 3 ఆంపియర్లు లాగుతుంది, అంటే రోజుకు దగ్గరదగ్గర ఒక యూనిట్టు. బోరు లైనుకు మాత్రం తగిలించొద్దు. అది పగలు 9 గంటలు వచ్చే కరెంటు, పైగా సేద్యానికని ఇచ్చింది. నేను ఇంటి మీటరు మీదే పెట్టినా.

సానపొడి అంటే సిలికాన్ కార్బైడ్. గ్రానైటు పాలిష్ పట్టేవాళ్లకు సరుకమ్మే అంగళ్లలో దొరుకుతుంది. మన చిత్తూరు పక్క గ్రానైటుకు కొదవ లేదు కాబట్టి పొడికీ కొదవ లేదు. 80 నంబరు గరుకు, 220 నడిమిది, 600 మెత్తన. 1890లలో అమెరికాలో అచెసన్ అనే ఆయన దీన్ని కరెంటు కొలిమిలో తయారుచేసి కార్బొరండం అని పేరు పెట్టినాడు. ఆ పేరులో సగం మన పక్కదే. కురువిందం అనే మన మాటే వాళ్ల నోట్లో కోరండం అయింది.

గాజు మీద చేయి పెట్టేముందు రాళ్లతో నేర్చుకుందామనుకున్నా. మా నాయన కాలం నుంచి చేన్లో ఏరి గెనిమ పక్కన పోసిన రాళ్లకుప్ప ఉంది. తిరుమల కొండ పైభాగం క్వార్ట్‌జైటు, ఎన్నో కోట్ల ఏళ్ల కిందటి ఇసుక బిగుసుకోని రాయి అయింది. దాని కింద అంతకన్నా పాత గ్రానైటు. ఆ రెండూ కలిసేచోటు ఘాట్ రోడ్డులో కనబడుతుంది, దాన్నీ, పైన శిలాతోరణాన్నీ జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించినారు. వానలకు వంకలు ఆ కొండరాళ్లను దొర్లించుకోని కిందికి తెస్తాయి. అంటే మన డ్రమ్ము చేయాల్సిన పనిలో సగం వంకే చేసిపెట్టి ఉంటుంది. అందుకే గుండ్రటివి ఏరుకుంటే పది రోజులు కలిసొస్తాయి. కొండమీది రాయి మాత్రం ఒక్కటీ ఎత్తుకురావద్దండి. అది అడవి, నేషనల్ పార్కు. మన చేన్లో ఉండేవే మోయలేకపోతున్నాం కదా.

మొదటి విడత పూర్తిగా చెడింది. డ్రమ్ములో మూడో వంతు మాత్రమే రాళ్లు వేసినా, తక్కువైతే బాగా దొర్లుతాయని. దొర్లలేదు, ఎగిరి పడినాయి. వారం తర్వాత తీస్తే పలుగురాళ్ల మీద గోటితో గిచ్చినట్టు అర్ధచంద్రాకారంలో చిన్నచిన్న పగుళ్లు. ఆ పగుళ్లు ఎంత సాన పట్టినా పోవు. డ్రమ్ము మూడింట రెండు వంతులకు తగ్గకుండా నిండాల, ముక్కాలు భాగం దాటకూడదు. అన్నీ ఒకే సైజువి కాకుండా చింతగింజంత నుంచి నిమ్మకాయంత దాకా కలిపి వేస్తే చిన్నవి సందుల్లో దూరి పెద్దవాటిని కాపాడతాయి. నీళ్లు రాళ్లు మునిగీ మునగనట్టు, పొడి కిలోకి ఒకటిన్నర పెద్ద చెంచా. లోపల పాత ట్రాక్టరు ట్యూబు కత్తిరించి అంటించినా. దెబ్బ తగ్గింది, చప్పుడూ తగ్గింది, ఇంట్లో తిట్లూ తగ్గినాయి.

రెండో విడతలో తెల్లగా ముద్దుగా ఉన్నాయని సున్నపురాళ్లు కూడా వేసినా. వారానికి పలుగురాయి అట్లనే ఉంది, సున్నపురాయి గోలీకాయంత మిగిలింది, తక్కిందంతా బురద. మెత్తటిది, గట్టిది కలిపితే మెత్తటిది అరిగి గట్టిదాని పని కూడా చెడుతుంది. దీనికి పరీక్ష సులువు. కత్తితో గీస్తే గీత పడేది మెత్తటిది. గాజు మీద గీత పెట్టేది గట్టిది, పలుగు అట్లాంటిదే. కాబట్టి గాజును, పలుగును ఒకే డ్రమ్ములో వేయొద్దు. ఇది నాకు ముందే తెలిసుంటే మూడో విడత మిగిలేది.

వేగం సంగతి చెవితో తేల్చుకోవాల. మరీ వేగమైతే రాళ్లు గోడకు అంటుకోని పైదాకా పోయి దబ్బున పడతాయి. మరీ నిదానమైతే అడుగున జారతాయేగానీ దొర్లవు. నాది నిమిషానికి 45 చుట్ల దగ్గర కుదిరింది. సరిగ్గా తిరిగేటప్పుడు చెనిక్కాయలు జల్లెడ పట్టినట్టు ఒకే తీరుగా వినిపిస్తుంది. టకటకమంటే తక్కువ నింపినారని, ఏ చప్పుడూ లేకుంటే లోపలంతా ఒక ముద్దయిందని.

ముద్ద కావడం అనేది కరెంటు కోతల పుణ్యం. గాలివాన వచ్చి ఒకరాత్రి పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి అరిగిన రాతిపొడి అంతా అడుగున దిగి సిమెంటు మాదిరి బిగుసుకుంది. ఒకేపక్క బరువుతో డ్రమ్ము కదల్లేదు, మోటరు కాలింది. పాత మోటరు ఇంకోటి 400 పెట్టి తెచ్చుకున్నా. ఇప్పుడు కరెంటు పోతే స్విచ్చి తీసేస్తా. వచ్చినాక డ్రమ్మును చేత్తో పది చుట్లు తిప్పి, లోపల కదిలిందని తెలిసినాకే మోటరు వేస్తా.

ఇంక నవ్వుకునేది ఒకటి చెప్తా. గాజు ఒకదానికొకటి తగిలి అంచుల్లో తెల్లగా పెట్లిపోతా ఉంటే, నీళ్లు చిక్కగా ఉంటే దెబ్బ తగ్గుతుందని, అందుకు చక్కెర కలిపేవాళ్లు ఉన్నారని విన్నా. ఇంట్లో బెల్లం ఉంది, చక్కెర ఎందుకని పాకం పోసినా. మే నెల ఎండ, కొట్టం రేకుల కింద. నాలుగో రోజుకు లోపల పులిసి మూత పూరీ మాదిరి పొంగింది. ఏమైందోనని క్లిప్పు వదులు చేస్తే ఫట్‌మని ఎగిరి, బురద నా మొహమంతా, చొక్కా అంతా. కొట్టంలో సారాయి వాసన. మా ఇంటామె చూసి "రోడ్డు మీద వాళ్లు చాలరని నువ్వు ఇంట్లోనే కాస్తా ఉండావా?" అనింది. బెల్లం వేయకపోయినా గ్యాసు పుట్టొచ్చు. సీసా మెడకు ఉండే అల్యూమినియం రింగు తీసేయండి, అదీ గ్యాసు పుట్టిస్తుంది. రోజుకొకసారి మూత మెల్లగా వదులు చేయండి, మొహం పక్కకు పెట్టుకోని. దెబ్బ తగ్గడానికి ఇప్పుడు పాత డ్రిప్పు పైపు అంగుళం ముక్కలుగా కోసి గాజుతో పాటు వేస్తా ఉన్నా. కొంచెం నల్లగా అంటుతుంది గానీ సబ్బుతో పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది కడుగుడు. 80 నంబరు నుంచి 220కి, దాన్నుంచి 600కి, ఆఖర్న పాలిష్‌కి. ఒక్కో మెట్టుకు వారం. నెల రోజులు ఓపిక పట్టి ఆఖరికి మూత తీస్తే రాళ్లు మెరవలేదు, మీద సన్నగీతలు. మోటరును అనుమానించినా, పొడి కల్తీ అనుకోని అమ్మినాయనతో గొడవ కూడా పెట్టుకున్నా, పాపం. తప్పు నాదే. డ్రమ్ము మూత అంచులో, రాళ్ల బొరియల్లో 80 నంబరు గింజలు రెండో మూడో ఉండిపోయినాయి. నెల పనిని ఆ రెండు గింజలు గీసి పెట్టినాయి. ఇప్పుడు మెట్టు మారినప్పుడల్లా పాత పళ్లబ్రష్‌తో ఒక్కో రాయీ తోముతా. బొరియలు ఉండేవి తీసి అవతల పడేస్తా. డ్రమ్ములో సబ్బునీళ్లు పోసి రాళ్లతోనే రెండు గంటలు తిప్పుతా. పాలిష్‌కు వేరే డ్రమ్ము పెట్టినా, దాంట్లో గరుకుపొడి ఎన్నడూ పోయను. రాళ్లకు అల్యూమినియం ఆక్సైడ్ గానీ టిన్ ఆక్సైడ్ గానీ, గాజును అద్దం మాదిరి చేయాలంటే సీరియం ఆక్సైడ్. నాకు గాజు మెరవాల్సిన పని లేదు. 80తో రెండు రోజులు, 220తో ఐదారు రోజులు, అంతటితో ఆపేస్తా. మసకగా ఉంటేనే బాగుంటుంది.

ఆ బురదనీళ్లు తూములో పోయొద్దు. నేను పోసినా, నీళ్లు పోయే పైపు పూర్తిగా మూసుకుపోయి పగలగొట్టి మార్చాల్సి వచ్చింది. చెట్ల మధ్య చిన్న గుంత తీసి అందులో పోసి, ఆరకముందే మన్ను కప్పేస్తా. ఎండిన ఆ పొడి గాలిలో లేవకూడదు. రాతిపనిలో ఉండేవాళ్ల ఊపిరితిత్తులు పాడుచేసే సిలికోసిస్ జబ్బు సన్నటి రాతిదుమ్ముతోనే వస్తుంది, వస్తే పోదు. అందుకే ఎన్నడూ పొడిగా తిప్పొద్దు, పొడి కొలిచేటప్పుడు మాస్కు కట్టుకోండి, పిల్లోళ్లను దగ్గరికి రానీయొద్దు. పెంకులు ఏరేటప్పుడు తోలు గ్లౌజులు ఉండాల, నేను పత్తివి వేసుకోని రెండుసార్లు కోసుకున్నా.

గాజు కుదిరింది నాలుగో విడతకు. ఆకుపచ్చ, తెలుపు, ఎక్కువగా బీరుసీసా గోధుమరంగు. చాటలో పోసి ఆరబెట్టినా. మా ఇంటామె మొదట్నుంచి ఆ సంచి దగ్గరికి పోదు, నా కాలు కోసినదాన్ని కూర్చోబెట్టి స్నానాలు పోస్తా ఉండావే అని దెప్పేది. ఆరోజు వచ్చి నిలబడి చూసింది. ఒక గోధుమరంగు ముక్క తీసుకోని మంచమ్మీద కూర్చుని, అరికాలి మచ్చ మీద ఒత్తి చూసుకుంది. తర్వాత తీసుకపోయి తులసికోట మట్టిలో పెట్టింది. ఏమీ అనలేదు. మనవరాలికి ఒక సీసాడు పంపినాము.

ఒక్కో విడతకు పట్టే గాజు రెండు కిలోలు. సంచిలో ఇంకా ముప్పావు అట్లే ఉంది. నిన్న పొద్దున నీళ్లు కట్టను పోతే గెనిమ మీద ఇంకో సీసా, పచ్చరంగుది. ముక్కలు ఏరేలోపల నీళ్లు పక్క కయ్యకు దాటిపోయినాయి.