తాలుకాయ

మా గూడెంలో చూపు మందగిస్తే దాన్ని రోగం అనరు. "పొరలొచ్చినయ్" అంటారు. జుట్టు నెరిసినట్టు, నడుం వంగినట్టు కళ్ళకు పొరలు కూడా వస్తాయనుకుంటారు. యాభై దాటిన ఆడవాళ్ళు గోడలు పట్టుకుని నడుస్తుంటే ఇదేందని ఎవరూ అడగరు. కంటిలోపలి కటకం మసకబారి వెలుతురుని అడ్డుకోవడమే శుక్లమని నేను బియస్సీలో చదువుకున్నాను. ముఖ్యకారణం వయసు. ఎండ, పొగ కూడా కారణాలేనని తర్వాత తెలిసింది. మా అమ్మ పన్నెండో ఏట నుంచి పల్నాటి ఎండలో మిరపచేలల్లో వొంగింది. ఇంటికొచ్చి పత్తికట్టె పొయ్యి ఊదింది. నీడపట్టున కూచున్నోళ్ళకీ శుక్లాలొస్తాయి, కాదనను. కానీ వాళ్ళకి చూపు పోకముందే ఆపరేషనయిపోతుంది. మావాళ్ళకి కూలి పోయాక గానీ కన్ను గుర్తుకురాదు.

అమ్మ చూపు సంగతి కల్లంలో బయటపడింది. ఎండిన మిరపకాయల్లోంచి తాలు ఏరడం ఆడవాళ్ళ పని. రంగుపోయి తెల్లబారిన కాయ తాలు. శుక్లం ముదిరేకొద్దీ రంగులు వెలిసిపోతాయి. అమ్మకి ఎర్రకాయా తాలుకాయా ఒకే మట్టిరంగులో కనపడ్డాయి. మంచికాయల్లోకి తాలు కలిసిపోయింది. "కళ్ళు దొబ్బినయ్యా ఏమే?" అన్నాడు ముఠామేస్త్రి. వాడు నాకంటే చిన్నోడు. అరవయ్యేళ్ళ మనిషిని 'ఏమే' అనడానికి వాడికి వయసక్కర్లేదు, కులం చాలు.

నేను గవర్నమెంటు టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. ఉద్యోగం ఊరికి దూరం. "టీచరమ్మ తల్లివి, నీకింకా కూలెందుకే" అని ఊళ్ళో దెప్పేవాళ్ళు. "దాని జీతం దానిది, నా రెక్కలు నాయి" అనేది అమ్మ.

ఆపరేషనంటే మాత్రం వొణికేది. అందుక్కారణం మా అమ్మమ్మ. 1980ల్లో ఒక శిబిరంలో ఆమెకి కన్ను కోశారు. ఆ రోజుల్లో శిబిరాల్లో మసకబారిన కటకం తీసేసేవాళ్ళు, దాని చోట ఏమీ పెట్టేవాళ్ళు కాదు. సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవాళ్ళు. అమ్మమ్మ అద్దాలు పగిలినయ్. ఇంకో జత కొనే దిక్కు లేదు. చచ్చేదాకా మళ్ళీ చీకట్లోనే బతికింది.

కంట్లో ప్లాస్టిక్ కటకం పెట్టడం 1949లోనే లండన్లో హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు మొదలుపెట్టాడు. యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకున్నా పైలట్ల కళ్ళు వాటిని ఓర్చుకోవడం ఆయన గమనించాడు. ఆ కటకం చాలా ఏళ్ళు డబ్బున్నోళ్ళ సరుకే. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి చవగ్గా తయారుచేశాక బీదోళ్ళకి అందడం మొదలైంది. లండన్ నుంచి మా ఇంటికి రావడానికి దానికి డెబ్భై నాలుగేళ్ళు పట్టింది.

2023 వేసవి సెలవుల్లో అమ్మని ఆసుపత్రికి తీసుకుపోయాను. కంట్లో చుక్కలేశారు, పక్కన మత్తుసూది ఇచ్చారు, అరగంటలోపే బయటికి తెచ్చారు. ఆ రాత్రి వార్డులో పక్కమంచం ఆమెకీ ఒక కంటికి కట్టు. రెండో కన్నుకీ చూపంతంతే. అమ్మ గొంతు విని ఊరడిగింది, పిల్లలనడిగింది. చివరికి "మీరేమిటోళ్ళు?" అంది. "మాదిగోళ్ళం" అంది అమ్మ. ఆమె తన మంచినీళ్ళ చెంబుని చేత్తో వెతుక్కుని, దగ్గరికి లాక్కుంది. మనిషి కనపడకపోయినా కులం కనపడింది. ఆ పొర తీసే డాక్టరు ఏ ఆసుపత్రిలోనూ లేడు.

తెల్లారి కట్టు విప్పారు. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అమ్మాయ్, నీ జుట్టెప్పుడు నెరిసిందే?" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఊరికి వచ్చాక గూడెం మొదట్లో అంబేద్కర్ బొమ్మ దగ్గర ఆగిపోయింది. "కోటు ఇంత నీలమా?" అంది. ముదిరిన శుక్లం పసుపుపచ్చ అద్దంలాంటిది, నీలాన్ని లోపలికి రానివ్వదు. ఇన్నేళ్ళూ ఆమెకి ఆ కోటు నల్లగానే కనపడిందంట.

కొన్నాళ్ళకి రెండో కన్నుకీ చేయించాం. 2024లో కాయ కల్లాలకొచ్చే నాటికి అమ్మ మళ్ళీ పనిలోకి దిగింది. రోజుకి మూడొందలు. మేస్త్రి రెండు నోట్లు చేతిలో పెడతాడు, ఒకటి రెండొందలది, ఒకటి వంద. అంతకుముందు ఏడు అమ్మ లెక్క చాలాసార్లు కలవలేదు. కొట్టుకాడ చూస్తే రెండూ వందలే ఉండేవి. "ఎక్కడో జారవిడుచుకున్నా" అని తననే తిట్టుకునేది. వందనోటు ఊదా, రెండొందలది పసుపు. రంగు తెలిస్తే ఇబ్బంది లేదు. తెలియనప్పుడు వేళ్ళే దిక్కు. ఆ రెంటికీ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లు. మొద్దుబారిన కూలివేళ్ళకి ఆ తేడా ఏం అందుద్ది?

మొదటివారంలోనే మళ్ళీ రెండు వందలు చేతిలో పడ్డాయి. అమ్మ అక్కడే, అందరి ముందూ నోట్లు ఎండకి ఎత్తి చూసింది.

"అయ్యా, ఇయ్యి రెండూ ఊదావే. పసుపుది ఏదీ?"

మేస్త్రి ముఖం మాడింది. "కళ్ళొచ్చేసరికి నెత్తికెక్కినయ్యే నీకు" అన్నాడు.

"నెత్తికెక్కలా. ఉన్నచోటే ఉన్నయ్. పోయినేడు వందలు కూడా లెక్కేసి ఇయ్యి" అంది అమ్మ.

పక్కనున్న ఆడవాళ్ళు ఏరడం ఆపి, ఎవరి నోట్లు వాళ్ళు తీసి చూసుకున్నారు. పోయినేటివి ఇంకా రాలేదు. ఆ రోజుది మాత్రం ఇచ్చాడు. ఆ వేసవిలో మా వీధి నుంచి మరో నలుగురిని కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. ముందు నడిచింది అమ్మే.