ఆట ఒకటి, పెట్టెలు రెండు

మా పెద్దాడిది కంప్యూటరు పక్షం. ఎనిమిదో క్లాసు చిన్నాడికి ప్లేస్టేషన్ కావాలి. టీవీకి తగిలించుకునే ఆటల పెట్టె లెండి. నాకు తెలీక అడుగుతాను, ఇంట్లో అంత కంప్యూటరుండగా మళ్ళీ ఇంకో పెట్టె దేనికి?

"ఆ ఆట ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా రాదే అమ్మా!" అన్నాడు చిన్నాడు. అలాంటివాటిని ఎక్స్‌క్లూజివ్ అంటారట. నాడా దొరికిందని గుర్రాన్ని కొనమన్నట్టుంది వీడి వరస!

"రాదని ఎవరన్నారు? ఆలస్యంగా వస్తుంది" అన్నాడు పెద్దాడు. లెక్కలన్నీ వాడి నాలిక మీదే ఉంటాయి. గాడ్ ఆఫ్ వార్ 2018 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్‌కొస్తే, కంప్యూటరుకి 2022 జనవరిలో వచ్చిందట. స్పైడర్‌మ్యాన్‌కీ దాదాపు నాలుగేళ్ళే పట్టింది. హెల్‌డైవర్స్ 2 మాత్రం 2024లో రెండింటికీ ఒకేరోజు వచ్చేసిందట.

ఓస్, ఇది మన సీరియల్ నవలల కథే! ఆగలేనివాళ్ళు వారంవారం పత్రిక కొంటారు. ఆగగలిగినవాళ్ళు పుస్తకంగా వచ్చాక అద్దెకి తెచ్చుకుని ఒక్క రాత్రిలో లాగించేస్తారు. మా అమ్మ మొదటిరకం. సీరియల్ కాగితాలు చింపి, బైండు చేయించి మరీ దాచుకునేది. మా పిన్ని రెండోరకం. పిన్నికి డబ్బులు మిగిలేవి నిజమే. కాని మధ్యాహ్నం అరుగుమీద అందరూ "ఈ వారం ఏమైందో చూశావుటే?" అనుకుంటూంటే, చెవులు మూసుకుని లోపలికి పారిపోయేది పాపం.

ఇంతకీ కంపెనీలు ఎందుకు మెత్తబడ్డట్టు? ఇంకెందుకు, డబ్బు! ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లయిందని 2023లో అమెరికా కోర్టు కాగితాల్లో బయటపడింది. అంత పోసి వండిన వంట ఒక్క పంక్తికే వడ్డిస్తే గిట్టుతుందా? మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2001లో తమ ఎక్స్‌బాక్స్‌తోపాటే పుట్టిన హేలోని కూడా ప్లేస్టేషన్‌కి ఇస్తామని 2025 అక్టోబరులో ప్రకటించారు.

"అన్నీ అన్నిచోట్లా దొరికితే ఇక వాళ్ళ పెట్టె ఎవరు కొంటారోయ్?" అన్నారు మావారు పేపరు దించకుండానే. అడగాల్సిన ప్రశ్నే.

నింటెండో వాళ్ళు మటుకు మా అత్తగారి టైపు. ఆవిడ ఆవకాయ తినాలంటే ఆవిడింటికి వెళ్ళాల్సిందే, జాడీ గడప దాటదు. 2025 జూన్‌లో మారియో కార్ట్ వరల్డ్‌ని తమ స్విచ్ 2 కోసమే తెచ్చారు.

నేను పిన్ని పక్షమే. కాని ఒక ధర్మసందేహం. అందరూ పిన్నిలాగే ఆగితే ఆ పత్రిక నడిచేదా? రాసినావిడకి పారితోషికం ముట్టేదా? అమ్మలాంటివాళ్ళు వారంవారం ఇచ్చిన డబ్బుల మీదే కదా పిన్ని చేతికి పుస్తకం వచ్చింది! ముందు కొనే చిన్నాళ్ళు లేకపోతే, వెనక ఆడే పెద్దాళ్ళకి ఆటేదీ?

అయినా పైకి మాత్రం, "కాస్త ఆగరా, ఆట ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"మూడేళ్ళ తొమ్మిది నెలలు! అప్పటికి నా టెన్త్ కూడా అయిపోతుందే. మా ఫ్రెండ్సు ఎవరెక్కడుంటారో! అప్పుడెవరితో చెప్పుకోను?" అన్నాడు వాడు.

నా వయసులో నాలుగేళ్ళు కిందటి నెలలా ఉంటాయి. వాడికవి సగం బాల్యం.

దీపావళి బోనస్ దాకా చూద్దామన్నారు మావారు.

"అదీ ఆగడమేగా నాన్నా!" అన్నాడు చిన్నాడు.