ఏటికొప్పాక లక్కబొమ్మలు

విశాఖపట్టణమునకు నైరృతి దిశను, సుమారు 65 కిలోమీటర్ల దూరమున, వరాహనది యొడ్డున ఏటికొప్పాక యను గ్రామము గలదు. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలోనిది. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో రైలు దిగి పోవచ్చును. బొమ్మలకొలువు పెట్టు సోదరీమణులలో నీ యూరి పేరు విననివారరుదు.

ఇచటి పనివారు మెత్తని అంకుడుకర్రను బాగుగ నెండించి, తరిమెనకు బిగించి త్రిప్పుచు, ఉలితో రూపు దిద్దుదురు. పిమ్మట రంగు గలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కర్రకు అదిమిపట్టుదురు. ఆ రాపిడి వేడికి లక్క కరగి కర్రను బట్టుకొనును. మొగలియాకుతో రుద్దగా అద్దమువలె మెఱయును. కుంకుమభరిణెలు, లక్కపిడతలు, గిలకలు, బొంగరములు అన్నియు నీ విధముననే తయారగును.

ఇంత యందమైన వస్తువును గొనునపుడు గృహిణి యడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. ఈ రంగు దేనితో జేసినది? పసిబిడ్డ చేతికందినదెల్ల నోట బెట్టుకొనును. అలంకారమునకై బీరువాలో నుంచిన భరిణెయు నొకనాడు వాని చేతికి జిక్కును. కొన్ని పసుపు, ఎఱుపు రసాయనపు రంగులలో సీసముండును. అది కొంచెముగా కడుపులోనికి బోయినను బిడ్డ మెదడు ఎదుగుదలకు చెరుపు చేయును. ఇంతవరకు హాని లేదనదగిన మోతాదు సీసమునకు లేదు.

ఈ గ్రామమున శ్రీ సి.వి. రాజుగారు పసుపు, నీలి, జాఫ్రాగింజలు మొదలగువాని రంగులను మరల వాడుకలోనికి దెచ్చుటకు చిరకాలము కృషి చేసిరి. 2023లో వారికి పద్మశ్రీ లభించినది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు గలిగినది.

2021 జనవరి 1 నుండి మన దేశమున 14 ఏండ్లలోపు పిల్లల యాటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర విధిగా నుండవలెను. సీసము మొదలగు 8 మూలకములు వస్తువునుండి యెంత వెలువడునో పరీక్షింతురు. అయితే నమోదైన చేతిపనివారు స్వయముగా జేసి యమ్మునవియు, భౌగోళిక గుర్తింపు గలవియు నీ నియమమునుండి మినహాయింపబడినవి. కేవలము అలంకారమునకైన వస్తువులు దాని క్రిందికే రావు. పేద పనివానికి మినహాయింపు మేలే. కాని ముద్ర లేనిచోట కొనువారి జాగ్రత్తయే రక్ష.

కావున ఊరి పేరు విని తృప్తిపడక, లక్కలో గలిపిన రంగేదో అమ్మువారిని విచారింపుడు. పెచ్చులూడు రంగు గల వస్తువును బిడ్డకందనీయకుడు. చెట్టుచేమల రంగు తీయుటకు శ్రమ హెచ్చు. అడిగి కొనెడి యిల్లాండ్రు పెరిగినకొలది ఆ శ్రమకు తగిన వెల దక్కును, ఆ పని నిలుచును.