జహాజ్ హిసాబ్

“పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఉచితం” అన్న ఒక్క మాట దగ్గర మేం పడిపోయాం.

పోయిన డిసెంబర్ సంగతి. ముంబయి నుంచి గోవా పోయి తిరిగి ముంబయికే వచ్చే జహాజ్. మూడు రాత్రులు. పెద్దవాళ్ళకు తలా 19,500 రూపాయలు. మా బేటీకి ఆరేళ్ళు, బేటాకి రెండున్నర. ఫోన్‌లో ఆ ఇష్తెహార్ చూస్తూనే మనసులో హిసాబ్ వేసేశాను. ఇద్దరికి 39,000. పిల్లలు ముఫ్త్. తిండి, పడక అందులోనే. గోవాలో హోటల్లో దిగినా ఇంతేగా అని మా బేగంతో రెండు రోజులు బహస్ చేసి గెలిచాను. గెలిచానే అన్న అఫ్సోస్ ఇప్పటికీ ఉంది.

అమ్మీకి చెబితే మొదటి మాటే “నక్కో రే బాబా” అంది. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చిన మనిషి. అప్పట్నుంచీ నీళ్ళ మీద సఫర్ అంటే ఆమెకు ఖౌఫ్. ఇది పడవ కాదమ్మీ, పది అంతస్తుల బిల్డింగంత ఉంటుందని ఫొటోలు చూపించాను. కాసేపు చూసి, “మా అమ్మీ అబ్బా గూడ జహాజ్‌లనే పోయిండ్రు. హజ్‌కు. మీరు ఎందుకు పోతున్నరు?” అని అడిగింది.

“ఊరికేనే అమ్మీ. పిల్లలకు సమందర్ చూపిద్దామని.”

“పానీ దేఖ్నేకు ఇత్తే పైసే?” అంది. తర్వాత ఇంకేం అనలేదు. పిల్లలిద్దరి మీదా దువా చదివి ఊదింది.

తఫ్రీహ్ తప్పని నేననను. బీవీ పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ఎటైనా పోవడం ఇంటికి మంచిదే. నేను చెప్పేది హిసాబ్ గురించి. నాలాగా ‘ముఫ్త్’ అన్న మాట నమ్మి బయలుదేరే ఖాందాన్‌లు ఉంటాయని రాస్తున్నాను.

బుకింగ్‌కి కూర్చోగానే మొదటి పాఠం. పిల్లలకు కిరాయా లేదు, నిజమే. కానీ పోర్టు చార్జీలు, సర్వీసు చార్జీ తలకింత. రెండున్నరేళ్ళ పిల్లాడిదీ తలే కదా. నలుగురికీ కలిపి 14,000. ఆ 19,500 ధరకు వచ్చే కేబిన్‌కి కిటికీ ఉండదు. మావాడికి చీకటంటే భయం. కిటికీ ఉన్న కేబిన్‌కి ఇంకో 9,000. పన్ను 3,100. నేను అనుకున్న 39,000 ఇల్లు కదలక ముందే 65,100 అయి కూర్చుంది.

ఇందులో జహాజ్ వాళ్ళ హిక్మత్ నాకు తర్వాత తెలిసింది. కేబిన్ ధర ఇద్దరు పెద్దవాళ్ళ లెక్కన కడతారు. పైన ఉండే మూడో పడక, నాలుగో పడక ఎలాగూ ఖాళీ. పిల్లల్ని అందులో పడుకోబెడితే వాళ్ళకు పోయేదేం లేదు, వచ్చేదే ఎక్కువ. టికెట్ డబ్బు ఒక ఎత్తు, ఎక్కాక ఖర్చు పెట్టించే డబ్బు ఇంకో ఎత్తు. చేతిలో ఐస్‌క్రీమ్ చూసి ఏడిచే పిల్లాడికన్నా మంచి గిరాకీ ఎవరుంటారు?

నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు బెర్తు అడక్కపోతే టికెట్ లేదు. ఐదు దాటి బెర్తు కావాలంటే 2016 నుంచి పెద్దవాళ్ళతో సమానంగా పూర్తి కిరాయా. అంటే మాకు మూడు టికెట్లు, పోనూ రానూ 6,900. తెల్లవారుజామున ముంబయిలో దిగాం. జహాజ్ ఎక్కించుకునేది మధ్యాహ్నం తర్వాత. మేమిద్దరమే అయితే స్టేషన్‌లో మొహం కడుక్కుని క్రాఫర్డ్ మార్కెట్ వైపు తిరిగేవాళ్ళం. నిద్ర చాలని చిన్నపిల్లలతో అది అవుతుందా? హోటల్ గదికి 4,200. టాక్సీలకు, తిండికి 3,600.

జహాజ్ అందంగా లేదని అంటే అబద్ధం. డెక్ మీద నిలబడితే చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు. బేటీ రెయిలింగ్ పట్టుకుని, “అబ్బా, ఇదంతా ఎవరిది?” అని అడిగింది. “అల్లాహ్‌ది” అన్నాను. ఆ జవాబు చెప్పే మౌఖా దొరికినందుకైనా పైసా వసూల్ అనుకున్నాను.

మొదటి సాయంత్రం నమాజ్‌కి ఖిబ్లా వెతుక్కోవడం కూడా బాగుంది. జహాజ్ గోవా వైపు దక్షిణానికి పోతుంటే కాబా మన కుడి చేతి వైపు, వచ్చేటప్పుడు ఎడమ వైపు. ముసాఫిర్లం కాబట్టి నాలుగు రకాతులు రెండుగా ఖస్ర్ చేసుకున్నాం. సఫర్‌లో అల్లాహ్ ఇచ్చిన ఆ రియాయత్‌లో ఛుపీ చార్జీలు లేవు.

జహాజ్‌లో మాత్రం ఉన్నాయి. డైపర్ వేసుకునే పిల్లలకు పూల్‌లోకి ఇజాజత్ లేదు. పిల్లల ఆటల గదిలో మూడేళ్ళు నిండని వాళ్ళ పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండి తీరాలి. చాలా దేశాల జహాజ్‌లలో దాదాపు ఇదే ఖాయిదా. అసలు ఆరు నెలలు నిండని పసివాళ్ళను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. రోజుల తరబడి సమందర్ దాటే లంబా సఫర్లకైతే ఏడాది నిండాలంటాయి. ఇవన్నీ ముందే చదవొచ్చు. నేను చదవలేదు.

దాంతో జరిగిందేమిటంటే, బేటీని తీసుకుని నేను పూల్ దగ్గర, ఆటల దగ్గర. బేటాని చంకనేసుకుని బేగం కేబిన్‌లో. అక్కడి పాలు వాడికి నచ్చలేదు. బఫేలో అరవై రకాలున్నా వాడు తిన్నది పెరుగన్నం. మాంసం హలాలో కాదో తేలక మేమిద్దరం కూడా చేప, గుడ్లు, పప్పుతో సరిపెట్టుకున్నాం. రెండో రోజు రాత్రి బేగం ఒక మాట అంది: “మీరు సమందర్ చూశారు. నేను బాత్రూమ్ చూశాను.” ఈ ఖర్చు ఏ రసీదులోనూ రాలేదు. అందరికన్నా ఎక్కువ కట్టింది ఆమె.

ఆ రాత్రే రెండు గంటలకు బేటా ఒళ్ళు కాలిపోయింది. బుఖార్. తెచ్చుకున్న సిరప్ వేశాం, తగ్గలేదు. కిటికీ బయట గుప్ అంధేరా. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇంట్లో అయితే పక్కింటి తలుపు కొడతాం, ఆటో పిలుస్తాం. అక్కడ గోడ అవతల సమందర్. జహాజ్ డాక్టర్ మంచి మనిషి. చూసి, మందిచ్చి, ఏసీ చల్లదనానికి వచ్చి ఉంటుంది, తగ్గుతుందని తసల్లీ చెప్పాడు. ఫజర్ వేళకి చెమట పట్టి చల్లబడింది, అల్‌హందులిల్లాహ్. ఫీజు, మందులు కలిపి 3,500. దానికి నేను బాధపడలేదు. వందా రెండొందలు పొదుపు చేద్దామని బీమా గడి దగ్గర ‘వద్దు’ నొక్కిన నా వేలి మీద కోపమొచ్చింది.

ఆ రాత్రి పిల్లాణ్ణి భుజాన వేసుకుని కేబిన్‌లో తిరుగుతుంటే నానీ గుర్తొచ్చింది. 1974లో నానా నానీ హజ్‌కి పోయింది ఈ సమందర్ మీదే. మొగల్ లైన్ కంపెనీ వాళ్ళ జహాజ్, పేరు ‘అక్బర్’. బంబయిలో ముసాఫిర్‌ఖానాలో రోజుల తరబడి ఇంతెజార్, తర్వాత జిద్దా దాకా వారం దాటిన సఫర్. 1995తో హాజీల సమందర్ దారే ఆగిపోయింది. నానీ పిల్లల్ని వెంట తీసుకుపోలేదు. పదకొండేళ్ళ అమ్మీని, చిన్నవాళ్ళను ఖాలా ఇంట్లో అమానత్‌గా వదిలింది. పోయే ముందు ఇల్లిల్లూ తిరిగి కహా సునా మాఫ్ చేయించుకున్నారు. కిరాణా కొట్టు బాకీతో సహా అణా పైసలు తీర్చారు. ఖర్జ్ నెత్తిన పెట్టుకుని జహాజ్ ఎక్కకూడదని నానా పట్టుదల.

మరి నేను? ఆ 65,100 క్రెడిట్ కార్డు మీద గీకాను. ఆరు నెలల కిస్తీలు, సూద్ లేదన్నారు కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. ఫిబ్రవరిలో జీతం ఆలస్యమైంది. ఒక కిస్తీ తప్పింది. బిల్లులో ‘వడ్డీ’ అని ఒక వరస వచ్చింది. పెద్ద రఖమ్ కాదు. కానీ సూద్ తీసుకోను, ఇవ్వను అని పిల్లలకు చెప్పే మనిషిని. ఆ వరస చూసి సిగ్గేసింది. ఆ నెల బేగం తన చీటీ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. మిగిలిన కిస్తీలన్నీ ఒకేసారి కట్టేసి వచ్చాను.

మొత్తం హిసాబ్ రాస్తున్నాను. జహాజ్ 65,100. రైలు 6,900. ముంబయి హోటల్, టాక్సీ, తిండి కలిపి 7,800. జహాజ్‌లో వైఫై, జ్యూసులు, ఐస్‌క్రీములు, ఆటల మిషన్లు, వాళ్ళు తీసిన ఫొటోలు 11,400. గోవాలో ఒక పూట తిరగడానికి 5,500. కొత్త బట్టలు, పెట్టె 7,800. డాక్టర్ 3,500. కలిపితే 1,08,000. అనుకున్నదానికి మూడింతలకు కాస్త తక్కువ.

ఈ రఖమ్ చూసి నోట మాట రాలేదు. ఎందుకంటే ఇంచుమించు ఇదే రఖమ్ నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. అమ్మీ ఉమ్రా కోసం మా గల్లీ ట్రావెల్స్ అతన్ని అడిగినప్పుడు. అప్పుడు “ఇన్షాఅల్లా, వచ్చే ఏడు చూద్దాం, ఇప్పుడు తంగీగా ఉంది” అని అమ్మీతో అన్నాను. ఆమె “హౌ బాబా, జల్దీ క్యా హై” అంది.

చిన్నపిల్లలున్న వాళ్ళకు నా మష్వరా ఇది. మీ చిన్నవాడికి డైపర్ మానేదాకా, ఇంకా చెప్పాలంటే ఐదారేళ్ళు వచ్చేదాకా ఆగండి. అంతవరకు నాగార్జునసాగర్ లాంచీ చాలు, వాళ్ళకు అదే సమందర్. పోవాలనుకుంటే ‘ముఫ్త్’ పక్కన ఏముందో బుకింగ్ ఆఖరి పేజీ దాకా పోయి చూడండి. తలకింత కట్టేవి ఎన్నో లెక్కేయండి. బీమా వదలకండి. మందులు, పాల డబ్బా మీరే తీసుకుపోండి. పిల్లల పహ్రా రాత్రి నీది, పగలు నాది అని మియా బీవీ ఇంట్లోనే పంచుకోండి. ఉన్న డబ్బుతోనే పోండి, కార్డు మీద కాదు.

బేటాకి జహాజ్ యాదే లేదు. ఫొటో చూపిస్తే తనను తాను గుర్తుపడతాడు, అంతే. బేటీకి గుర్తుంది. అమ్మీ పక్కన పడుకుని, “దాదీమా, నీళ్ళకు అంచే లేదు” అని రోజూ చెబుతుంది. అమ్మీ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు, “అచ్ఛా? ఫిర్?” అంటుంది. ఒకరోజు నేను పక్కనే ఉన్నానని తెలియక, “మా అమ్మీ గూడ గిట్లనే చెప్తుండె” అంది.

ఆ మర్నాడే ట్రావెల్స్ అతని దగ్గరికి పోయి అమ్మీ పాస్‌పోర్టు కాగితాలిచ్చి వచ్చాను. నెలకు ఇంత అని విడిగా జమ చేస్తున్నాను. సగానికి దగ్గరగా వచ్చింది. అమ్మీకి ఇంకా చెప్పలేదు, ఈసారి డబ్బు పూర్తయ్యాకే చెబుతాను. దువా చేయండి.