ముందుగా కొన్నవాని మూల్యం

2006 ఏప్రిల్‌లో అమెరికా విపణిలోకి తొలి హెచ్.డి. డీవీడీ యంత్రం 499 డాలర్లకు వచ్చింది. జూన్‌లో వచ్చిన పోటీ బ్లూ-రే యంత్రం వెల 999. సగం ధరకే అంతటి స్ఫుటమైన చిత్రం లభిస్తున్నదని మురిసి మొదటిదాన్నే కొన్నాను. తెనాలి నుంచి వచ్చిన నాన్నగారు వెల అడిగితే, నూరు డాలర్లేనని బొంకాను.

2008 ఫిబ్రవరిలో తయారీదారులు ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. బ్లూ-రే నిలిచింది, నా యంత్రానికి కొత్త డిస్కులు కరవైనాయి. ఫోనులో నాన్నగారికి నిజం చెప్పాను.

"పెట్టెలోనే రసీదు ఉన్నదిరా, ఆనాడే చూశాను. డబ్బుకు కాదు, నాతో చెప్పలేకపోయావే అని బాధపడ్డాను" అన్నారు.

ఆ యంత్రాన్ని పారవేయలేదు. ఇప్పుడు ఏ వస్తువు కొన్నా, ముందుగా దాని అసలు వెలనే ఇంట్లో చెబుతాను.