తంజావూరు బొమ్మకు మన ఇంటి పోలిక

తంజావూరు అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది పెద్ద గుడి. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన ఆ ఆలయం ముందు తలెత్తి నిలబడితే మెడ పట్టేయవలసిందే. తెలుగువారికి ఆ ఊరితో ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1532 నుంచి 1673 వరకు అక్కడ ఏలినవారు తెలుగు నాయక రాజులు. రఘునాథ నాయకుడు తానే తెలుగులో కావ్యాలు రాశాడు. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

అయితే నేను చెప్పబోయేది గుడి గురించీ కాదు, గ్రంథాల గురించీ కాదు. ఒక బొమ్మ గురించి. తమిళంలో దాన్ని ‘తలయాట్టి బొమ్మై’ అంటారు. 2008-09లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బ్యాంకు పనిమీద ఆ ఊరు వెళ్లినప్పుడు, పున్నైనల్లూరు మారియమ్మన్ కోవెల దారిలో ఒక దుకాణం ముందు ఆగాను. బల్లమీద రాజు, రాణి బొమ్మలు వరసగా కూర్చుని ఉన్నాయి. దుకాణదారు రాణిని ఒక్క తోపు తోశాడు. పడబోయి, ఊగి, మళ్లీ నిటారుగా కూర్చుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. అడుగు గుండ్రంగా ఉంటుంది, బరువంతా అక్కడే ఉంటుంది, పైభాగం తేలిక. ఎటు వంచినా అడుగు బరువు వెనక్కి లాగుతుంది. నాట్యకత్తె బొమ్మది మరో పద్ధతి. తల, నడుము, పావడా విడివిడిగా చేసి కమ్మీల మీద నిలుపుతారు. అందుకే చిన్న గాలికే తల ఊపుతుంది. కాగితపు గుజ్జు, మట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఈ బొమ్మలకు ముడిసరుకు.

ఇంటికి తెచ్చిన జతను చూసి మా ఏడేళ్ల మనవరాలు అడిగింది: “తాతా, వీళ్లెవరు? మన వాళ్లా?” కాదన్నాను. “అయితే మన వాళ్లను చేద్దాం” అంది.

చేసిన తీరు ఇది. పాత టెన్నిస్ బంతిని పెద్దవాళ్లే రెండుగా కోయాలి. ఒక సగాన్ని బోర్లించి నూనె రాసి, చింపిన వార్తాపత్రిక ముక్కలను ఉడికించిన మైదా జిగురుతో ఆరు పొరలు అంటించాలి. పూర్వం జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. రెండు రోజులు ఆరాక కాగితపు చిప్పను ఊడదీసి, లోపల సరిగ్గా నడిమధ్య ఉసిరికాయంత బంకమట్టి అద్ది, అదీ ఆరనివ్వాలి. పైన డ్రాయింగ్ కాగితంతో గరాటు చుట్టి అంచులు అతికించాలి. గరాటు ఎత్తు చిప్ప వెడల్పును మించకుండా చూసుకోండి. తలకు నలిపిన కాగితపు ఉండ చాలు. రంగులు వేయకముందే ఒకసారి తోసి చూడండి. పడి లేవకపోతే గరాటు ఎత్తు తగ్గించాలి.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. మొదటి బొమ్మ మా అమ్మ. మనవరాలు ఆమెను చూడలేదు. “కొప్పు ఎటువైపు? ముక్కుపుడక ఏ పక్క? చీర ఏ రంగు?” అని వరసగా ప్రశ్నలు. మా అక్కకు ఫోన్ చేశాను. ఆమె పది నిమిషాలు అమ్మ చీరల గురించే చెప్పింది. కుడిపక్క ముక్కుపుడక, ఆకుపచ్చ నేత చీర, ఎప్పుడూ తడి ఆరని కొంగు. నాకు తెలియని సంగతి కూడా ఒకటి తెలిసింది: ఆ ఆకుపచ్చ చీర అమ్మ తన పాల డబ్బులతో కొనుక్కున్నదట.

బొమ్మ అడుగున ఎవరి పేరు వారిది, వరసతో సహా, తెలుగులో రాయాలని నియమం పెట్టాను. బళ్లో తెలుగు లేని పిల్ల. అందరినీ అంకుల్, ఆంటీ అనడమే అలవాటు. ‘పెద్దత్తయ్య’ రాయడానికి త వత్తు నేర్చుకుంది. ‘మేనమామ’ అంటే అమ్మ తమ్ముడే అని తెలిసి, “మరి బాబాయి ఎవరు?” అని అడిగింది. మా అమ్మ బొమ్మ కింద ‘అవ్వ’ అని రాసింది. సెలవులకు వచ్చిన యానాం పిల్లలు మామ్మ అనాలని పట్టుబట్టారు. కాసేపు పెద్ద తగవే అయింది. చివరికి రెండూ రాశారు.

దసరా కొలువులో తంజావూరు రాజు రాణి పై మెట్టు మీద, మా పదకొండు మంది కింది మెట్టు మీద కూర్చున్నారు. వచ్చిన తమిళ పొరుగువారికి మనవరాలే ఒక్కొక్కరినీ తోసి చూపిస్తూ వరసలు చెప్పింది.

మీ ఇళ్లలోనూ ప్రయత్నించండి. బంతి, మైదా, పాత పేపరు ఎక్కడైనా దొరుకుతాయి. ముక్కుపుడక ఏ పక్కనో చెప్పగల అక్కయ్యలు, అత్తయ్యలు మాత్రం ఎల్లకాలం ఉండరు. ముందు వాళ్లకు ఫోన్ చేయండి. మైదా తర్వాత ఉడికించవచ్చు.